ఆకాశంలో వెలుగు కనబడితే

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఆకాశం నుండి ఒక వింత వస్తువు దిగింది. గ్రహాంతరవాసుల వాహనమేమోనని జనం గుమిగూడారు. తీరా చూస్తే అది హైదరాబాద్‌లోని టాటా పరిశోధనా సంస్థ బెలూన్ కేంద్రం నుండి స్పెయిన్ కంపెనీ హేలో స్పేస్ ప్రయోగాత్మకంగా పంపిన గుళిక. ఊరివాళ్లను చూసి నవ్వినవాళ్లు చాలామంది. మేము నవ్వలేము. ఎందుకంటే మన సైన్యమూ ఒకప్పుడు ఇలాగే తికమకపడింది.

2012 ఆగస్టు నుండి 2013 ఫిబ్రవరి వరకు లడఖ్ సరిహద్దులో మన జవాన్లు ఆకాశంలో వెలుగుతున్న వస్తువులను 329 సార్లు చూసినట్లు నమోదు చేశారు. చైనా డ్రోన్లని అనుమానం. సైన్యం ఆ అనుమానాన్నే తీర్పుగా ప్రకటించలేదు, భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలను అడిగింది. నక్షత్రాల మధ్య అవి ఎలా కదులుతున్నాయో గమనించి వారు తేల్చిందేమిటంటే, అవి శుక్రుడు, గురుడు! తుపాకీ పట్టుకున్న చేతులు తొందరపడకపోవడం వల్ల రెండు దేశాల మధ్య ఎంత కీడు తప్పిందో ఆలోచించండి.

అమెరికా వైమానిక దళం 1947 నుండి 1969 వరకు ఇలాంటి ఫిర్యాదులు 12,618 పరిశీలించింది. వాటిలో 701 మాత్రం ఏమిటో తేలలేదు. తేలలేదంటే అంతే అర్థం. గ్రహాంతరవాసులనీ కాదు, దూతలనీ కాదు.

2023 నవంబరు 19న ఇంఫాల్ విమానాశ్రయం మీద ఏదో ఎగురుతోందన్నారు. సుమారు మూడు గంటలు విమానాల రాకపోకలు ఆగాయి. రెండు రఫేల్ యుద్ధ విమానాలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్లి వెదికాయి. ఆ చిన్న వస్తువు తర్వాత కనబడలేదని వైమానిక దళమే చెప్పింది. అది దాని బాధ్యత, తప్పు పట్టము. కానీ అప్పటికి ఆరు నెలలుగా ఆ రాష్ట్రంలో ఇళ్లు, చర్చిలు, గుడులు తగలబడ్డాయి, సుమారు 60 వేల మంది నిలువ నీడ లేకుండా అయ్యారు. ఆకాశంలోని చుక్క కోసం అంత వేగంగా కదిలిన రాజ్యం నేల మీది మంట విషయంలో అలా కదిలిందా? మణిపూర్ కోసం మోకరించిన మన సంఘాలు ఈ ప్రశ్న అడగవచ్చు.

ఇక మన ఇంటి సంగతి. ఆకాశంలో వెలుగు కనబడిన వీడియో ఫోనుకు రాగానే లూకా 21వ అధ్యాయం తెరిచి, రాకడకు తేదీ దగ్గరపడిందని ప్రకటించే బోధకులు మన మధ్య ఉన్నారు. అది బెలూనని తేలాక అదే బల్ల దగ్గర నిలబడి సరిదిద్దుకున్నవారు అరుదు. ఆకాశ సూచనలకు అన్యజనుల్లా బెదరవద్దని యిర్మీయా 10వ అధ్యాయం చెబుతోంది గదా! ఆ భయంలో అమ్మమ్మలు కానుకల సంచి విప్పితే ఆ లెక్క ఎవరు చెప్పాలి?

తిరుమలగిరి ప్రాంతపు సంఘాలకు ఇది దూరపు వార్త కాదు. ఆ బెలూన్లు సాధారణంగా హైదరాబాద్ నుండి విశాఖ వైపో షోలాపూర్ వైపో గాలివాటున సాగుతాయి. పటం మీద హైదరాబాద్‌కూ విశాఖకూ గీత గీస్తే అది మన పక్కగానే పోతుంది. పలుచని ప్లాస్టిక్ పొరతో చేసి, హైడ్రోజన్ నింపిన ఈ బెలూన్లు 30 నుండి 42 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తాయి. నేల మీద ఇంకా చీకటిగా ఉన్నా ఆ ఎత్తులో ఎండ తగులుతుంది గనుక తెల్లవారుజామున మెరుస్తూ కనబడతాయి. తర్వాత పారాచూట్‌తో పరికరాలు దిగుతాయి. పొలంలో అలాంటి పెట్టె కనబడితే విప్పవద్దు, పిల్లలను ముట్టుకోనివ్వవద్దు. కొన్నింటిలో అధిక విద్యుత్ వోల్టేజి ఉండవచ్చు. దగ్గరి పోలీస్ స్టేషనుకు గానీ, పెట్టె మీదున్న చిరునామాకు గానీ కబురు చేయండి. తెలిపినవారికి తగిన బహుమానం ఇస్తామని ఆ సంస్థ చెబుతూ ఉంటుంది. కాపరులు ఈ నాలుగు మాటలు ఆదివారం ప్రకటనల్లో చదివించగలరు.