"రికవరీ పోయింది" అంట! ఈ ఒక్క మాటకు ఇంకెన్ని పైసలు కడదాం?

పోస్ట్ పెద్దగనే ఉంది. లాప్‌టాప్ ఉన్నోళ్లు, ఈ ఏడాది కొనాలనుకుంటున్నోళ్లు ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. కొందరికి కోపం రావచ్చు. వచ్చినా మంచిదే, మాట్లాడుకుందాం.

నేను అనేది ఒక్కటే. "నీ లాప్‌టాప్‌లో రికవరీ పార్టిషన్ లేదు, ఒరిజినల్ విండోస్ పోయింది" అనే మాట మీద మన పిల్లల దగ్గర ఒక దందా నడుస్తోంది. ఆ మాటలో మొదటి సగం నిజం కావచ్చు, రెండో సగం అబద్ధం. ఏది నిజమో ఏది అబద్ధమో తెలుసుకోవడానికి ఒక ఆదివారం చాలు. ఆ ఒక్క ఆదివారం మనం పెట్టట్లేదు కాబట్టే దందా నడుస్తోంది.

ఈ సెమిస్టర్‌లో నాకు తెలిసిన ముగ్గురి లాప్‌టాప్‌లు ఆన్ కాకుండ ఆగిపోయినయ్. ముగ్గురూ మాదాపూర్, కొండాపూర్ దిక్కు మూడు వేర్వేరు దుకాణాలకు పోయిండ్రు. ముగ్గురికీ ఒకటే పాట: "రికవరీ లేదు తమ్మీ, కొత్త విండోస్ ఎక్కియ్యాలె." ఒకరి దగ్గర 800, ఇంకొకరి దగ్గర 1,200 తీసుకున్నరు. మూడో ఆమె మన ఉట్నూరు దిక్కు చెల్లె. ఆమెకు "హార్డ్ డిస్కే పోయింది" అని చెప్పి కొత్త డిస్క్ అంటగట్టిండ్రు. పాత డిస్క్ వాపస్ ఇయ్యలేదు. అందులో ఆమె రెండు సెలవుల్లో ఊళ్లో కూసొని రికార్డ్ చేసుకున్న వాళ్ల అవ్వ గోండి కథలు ఉన్నయ్. అవ్వ ఇప్పుడు లేదు. విండోస్ వందసార్లు ఎక్కించుకోవచ్చు. ఆ గొంతు ఏ దుకాణంలో దొరుకుతది?

ముందు ఈ రికవరీ పార్టిషన్ అంటే ఏందో చూద్దాం. కొత్త లాప్‌టాప్ వచ్చినప్పుడు కంపెనీ డిస్క్‌లో కొంత జాగా పక్కకు తీసి, మొదటి రోజు విండోస్ ఎట్ల ఉందో ఆ కాపీ అందులో దాచిపెడుతుంది. సిస్టమ్ చెడిపోతే ఆ కాపీ నుంచి మళ్లీ మొదటికి తెచ్చుకోవచ్చు. మనిళ్లల్ల పండిన జొన్నల్లోంచి కొన్ని విత్తనానికని పక్కకు తీసి పెడతరు కదా, అట్లాంటిదే. ఆ విత్తనం పురుగు పట్టి పోయిందనుకోండి. చేను పోయినట్టా? పట్టా పోయినట్టా? విత్తనం ఇంకో చోట నుంచి తెచ్చుకుంటం, అంతే.

మరి మన లాప్‌టాప్‌లలో ఆ విత్తనం ఎందుకు ఉండదు? మనలో ఎక్కువమందివి సెకండ్ హ్యాండ్ మిషన్లు. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ మొదలైనకాడి నుంచి మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ దాకా ఎన్ని ఆఫీసులు లేచినయో చూస్తూనే ఉన్నం. ఆ ఆఫీసులు కొన్నేళ్లకోసారి లాప్‌టాప్‌లు మారుస్తయ్. పాతవి లాట్లకు లాట్లు అమ్ముడుపోయి, సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్ల మీదుగా తునికాకు పైసలతోని, పత్తి పైసలతోని, అమ్మ డ్వాక్రా లోన్‌తోని మన చేతికొస్తయ్. కంపెనీ డేటా బయటికి పోవద్దని డిస్క్ మొత్తం తుడిచి అమ్ముతరు, అది సరైన పనే. దాంతోపాటు రికవరీ కూడా పోతది. అంటే నువ్వు కొనకముందే అది లేదు. దుకాణపోడు అదేదో నువ్వు చెడగొట్టినట్టు చెప్తే తల దించుకోవాల్సిన పని లేదు.

ఇప్పుడు పట్టా సంగతి. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్‌తో అమ్మిన లాప్‌టాప్‌లలో లైసెన్స్ కీ సాధారణంగా మదర్‌బోర్డ్ చిప్‌లోనే రాసి ఉంటది. డిస్క్‌లో కాదు. డిస్క్ తుడిచినా, మార్చినా ఆ కీ పోదు. విండోస్ 10 లేదా 11తో వచ్చిన మిషన్‌లో మళ్లీ అదే రకం విండోస్, అంటే హోమ్‌కు హోమ్, ప్రో‌కు ప్రో ఎక్కించి నెట్ కలిపితే అదే యాక్టివేట్ అయితది. మదర్‌బోర్డ్ మార్చి ఉంటే తప్ప ఆ కీ నీ దగ్గరనే ఉంటది. విండోస్ ఫైలు కూడా మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతది.

అంటే ఏం జరుగుతున్నది? పట్టా నీ ఇంటి ట్రంకు పెట్టెలోనే ఉంది. ఊళ్లోకి వచ్చినోడు "నీకు పట్టా లేదు" అని చెప్పి, దొంగ పట్టా రాసి, దానికి నీ దగ్గరే పైసలు తీసుకొని పోతుండు. కాగితం చదవలేదని మన తాతలను షావుకార్లు ఎట్ల ముంచిండ్రో, 1/70 చట్టం ఎందుకు తేవాల్సి వచ్చిందో ఈ గ్రూపులో వారానికోసారి పోస్టులు పెట్టుకుంటం. మరి స్క్రీన్ మీద రాసింది చదవకుండ ముందే లాప్‌టాప్ దుకాణపోడి చేతిలో పెట్టుడు ఏంది?

ఇంకా నవ్వొచ్చేది ఏందంటే, మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ 1998లో ఈ హైదరాబాద్‌లోనే మొదలైంది. దాని క్యాంపస్ గచ్చిబౌలిలో ఉంది. 2014 నుంచి ఆ కంపెనీ సీఈఓగా ఉన్న సత్య నాదెళ్ల ఈ ఊళ్లోనే పుట్టిండు. ఆ క్యాంపస్‌కు నాలుగు బస్టాపుల దూరంలో మన పిల్లలు దొంగ విండోస్‌కు వెయ్యి రూపాయలు కడుతున్నరు. ఉద్యోగం కోసం ఆ గేటు దిక్కు చూసుకుంట బస్సెక్కుతున్నం గాని, మన చేతిలో ఉన్న మిషన్‌లో ఏముందో చూడట్లేదు.

దొంగ విండోస్‌తో నష్టం పైసలతోని ఆగదు. క్రాక్ చేసే సాఫ్ట్‌వేర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటది. ఎవడు రాసిండో తెలియని ప్రోగ్రామ్‌కు మిషన్ మీద పూర్తి అధికారం ఇచ్చినట్టు. ఆ మిషన్‌లోనే మనం ఈపాస్ స్కాలర్‌షిప్ లాగిన్ చేస్తం, బ్యాంక్ పాస్‌వర్డ్ కొడతం, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం స్కాన్లు దాస్తం. తాళం తీసిచ్చి కాపలా కుక్కను కూడా కట్టేసినట్టు కాదా?

సరే, ఇప్పటిదాకా నేను విన్న అడ్డు మాటలకు జవాబు చెప్తా.

ఒకటి, "ఐదొందలకు ఇంత లొల్లి ఎందుకు? ఆ టైంలో కోడింగ్ ప్రాక్టీస్ చేసుకోవచ్చు." ఐదొందలంటే ఎండలో ఎన్ని తునికాకు కట్టలు కట్టాలో ఇంటికి ఫోన్ చేసి అడుగు అన్నా. ఇంకోటి, పొద్దున తొమ్మిదింటికి ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉండి రాత్రి పదకొండింటికి మిషన్ ఆగితే ఏ దుకాణం తెరిచి ఉంటది? ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్‌లో డెడ్‌లాక్ గురించి పది మార్కుల జవాబు రాసి, ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడానికి దుకాణానికి పోతే ఆ పేపర్ ఎందుకు చదివినట్టు?

రెండు, "క్రాక్ పేదోడి హక్కు, మైక్రోసాఫ్ట్‌కేం తక్కువ?" మైక్రోసాఫ్ట్ మీద నాకేం ప్రేమ లేదు. గాని మిషన్ కొన్నప్పుడే ఆ లైసెన్స్ పైసలు ధరలో కలిసి ఉన్నయ్. ఉన్న లైసెన్స్ వదిలేసి, దొంగతనానికి దుకాణపోడికి కూలి ఇచ్చుడు ఏం హక్కు? కంపెనీ మీద కోపం ఉంటే లైనక్స్‌కు పో. అది నిజంగనే ఉచితం, చట్టప్రకారం ఎంతమందికైనా పంచొచ్చు.

మూడు, "అయితే అందరం లైనక్సే వాడుదాం." దీనితో సగం ఒప్పుకుంటా. చాలా ప్లేస్‌మెంట్ టెస్టుల నిఘా సాఫ్ట్‌వేర్లు విండోస్ అడుగుతయ్, కాబట్టి మిషన్ మోసినంత కాలం విండోస్ ఉంచుకుంటే మంచిది. గాని విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగినయ్. విండోస్ 11కు ఇంటెల్ అయితే 8వ తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 కావాలంటరు. మన చేతికొచ్చే 6వ, 7వ తరం మిషన్లకు అది అధికారికంగా ఎక్కదు. వాటిని చెత్తలో పడేయాల్సిన పనిలేదు, ఉబుంటు, లైనక్స్ మింట్ మంచిగ నడుస్తయ్. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ల తరబడి ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీదనే కంప్యూటర్ చదువు చెప్తున్నయ్. అక్కడ 2018 నుంచి లిటిల్ కైట్స్ పేరుతో బడి పిల్లల ఐటీ క్లబ్బులే ఉన్నయ్. ఇక్కడ గచ్చిబౌలిలోనే స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ ఉంది, తెలుగులో లైనక్స్ తెచ్చినోళ్లు. బడి పిల్లలు చేసే పని డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే మనతోని కాదా?

ఇగ పని ఎట్ల చేయాలో చెప్తా. దాచుకోండి.

1. ముందు డేటా. విండోస్ తెరుచుకోకపోయినా డిస్క్ బాగుంటే ఫైళ్లు ఉంటయ్. ఉబుంటు ఎక్కించిన పెన్ డ్రైవ్‌తో మిషన్ ఆన్ చేసి, "ఇన్‌స్టాల్" నొక్కకుండ, "ట్రై" అన్నది నొక్కితే ఫైళ్లు కనబడతయ్. ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతది. అది వేరే రికవరీ, పార్టిషన్‌తో సంబంధం లేదు. ఆ కీ సాధారణంగా మిషన్ సెటప్ చేసిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటది. దుకాణపోడు తన మెయిల్‌తో సెటప్ చేస్తే కీ వాడి అకౌంట్‌కే పోతది. అందుకే ఎప్పుడైనా మీ మెయిలే పెట్టండి, కీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

2. కనీసం 8 జీబీ ఖాళీ పెన్ డ్రైవ్ తీసుకొని, ఇంకొకరి మిషన్‌లో మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఎక్కించండి. పెన్ డ్రైవ్‌లో ముందున్నవన్నీ పోతయ్. డెల్, హెచ్‌పీ, లెనోవో కంపెనీలు చాలా మోడళ్లకు సర్వీస్ ట్యాగ్, సీరియల్ నంబర్ లేదా ప్రొడక్ట్ నంబర్ కొడితే ఫ్యాక్టరీ రికవరీ కాపీనే ఉచితంగా ఇస్తయ్. ఆ నంబర్ మిషన్ కింది దిక్కు ఉంటది.

3. పెన్ డ్రైవ్ పెట్టి ఆన్ చేసేటప్పుడు డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కి పెన్ డ్రైవ్ ఎంచుకోండి. కీ అడిగితే "నా దగ్గర కీ లేదు" అన్నది నొక్కండి, మదర్‌బోర్డ్‌లో ఉన్నది తర్వాత అదే తీసుకుంటది.

4. డిస్క్ కనబడకపోతే ఆగండి! ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి మిషన్లు చాలావాటిలో ఇన్‌స్టాల్ అప్పుడు డిస్క్ కనబడదు, ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ కావాలి. కంపెనీ సైట్ నుంచి దాన్ని పెన్ డ్రైవ్‌లో వేసుకొని "లోడ్ డ్రైవర్" నొక్కితే వస్తది. ఆ చెల్లెది 11వ తరం మిషనే. ఆమె డిస్క్ నిజంగ పోయిందా, ఈ డ్రైవర్ లేక కనబడలేదా? డిస్కే చేతిలో లేకపోతే ఎట్ల తెలుస్తది? అందుకే ఎవరు డిస్క్ మార్చినా పాతది అడిగి తీసుకోండి. అది మీ సొమ్ము.

5. డేటా బయటికి తీసినంకనే ఆ డిస్క్‌లోని పాత పార్టిషన్లు తీసేసి, ఖాళీ జాగా మీద ఇన్‌స్టాల్ చేయండి. విండోస్ తనకు కావాల్సిన చిన్న రికవరీ పార్టిషన్ తనే మళ్లీ చేసుకుంటది. ఫ్యాక్టరీ కాపీ మాత్రం రాదు, దాని పని ఇగ మీ పెన్ డ్రైవే చేస్తది.

6. వైఫై రాకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ పెట్టండి. అప్‌డేట్లు, డ్రైవర్లు వస్తయ్. చివరికి సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ చూసుకోండి.

కొనేటోళ్లకు ఒక మాట: కొత్తగా ఎక్కించి నెట్ కలిపినంక ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే, ఆ మిషన్ ఇంకా ఆ కంపెనీ లెక్కలోనే ఉన్నట్టు. వాపస్ ఇయ్యండి.

మన మిషన్లలో ఉన్నది సీవీలు, సినిమాలే కాదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటొచ్చింది. దాన్ని టైపు చేసి దాస్తున్నది మన పిల్లలే. కోయ పాటలు, బంజారా పెళ్లి పాటలు ఫోన్లల్ల రికార్డ్ చేసి లాప్‌టాప్‌లలో పెడుతున్నరు. ఇవి ఇంకెక్కడా లేవు. "అంతా ఫార్మాట్ కొట్టు భయ్యా" అని చెప్పేముందు ఇది యాది పెట్టుకోండి.

పెద్దోళ్లను కూడా అడగాలె. కారిడార్ నుంచి సీఎస్ఆర్ వాళ్లు వస్తరు, బ్యానర్ కడతరు, పాత లాప్‌టాప్‌లు ఇస్తరు, ఫోటో దిగుతరు. దాంతోపాటు ఒక పెన్ డ్రైవ్ ఇచ్చి, గంట కూసోబెట్టి ఈ పని నేర్పినోళ్లను నేను ఇప్పటిదాకా చూడలేదు. ఈసారి వస్తే మోటివేషన్ స్పీచ్ వద్దు, ఈ గంట కావాలని అడుగుదాం. మైండ్‌స్పేస్ దిక్కు ఉద్యోగాలు చేస్తున్న మన అన్నలు, అక్కలు కూడా ఈ గ్రూపులో ఉన్నరు. మీరు చందా ఇయ్యకున్నా సరే, ఒక ఆదివారం ఇయ్యండి.

మనం చేయాల్సింది: ప్రతి హాస్టల్‌కు రెండు పెన్ డ్రైవ్‌లు, ఒకటి విండోస్‌ది, ఒకటి ఉబుంటుది. డేటా దాచడానికి ఒక డిస్క్. అందరి సర్వీస్ ట్యాగ్‌లు రాసిన ఒక నోట్‌బుక్, గోండి ఫాంట్లు కూడా అందులోనే ఎక్కడున్నయో రాసి. పని నేర్చినోళ్లు ఇద్దరు, అందులో ఒకరు ఖచ్చితంగా చెల్లెళ్ల హాస్టల్ నుంచి. తలా యాభై వేస్తే అయిపోయే పని.

మా హాస్టల్‌లో వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు మొదలుపెడుతున్నం. మీ హాస్టల్‌లో ఎవరు చేస్తరో, ఏ రోజో కింద రాయండి.

జై ఆదివాసీ.