వంటింటి పొగ: కనెక్షన్‌తోనే తొలగదు

శీతాకాలం రాగానే ఢిల్లీ గాలి నాణ్యత సూచీ పతాక శీర్షికలకు ఎక్కుతుంది. అయితే గ్రామీణ భారతంలో కోట్లాది మహిళలు అంతకంటే దట్టమైన పొగను ఏడాది పొడవునా వంటింట్లోనే పీల్చుతున్నారు.

కట్టెలు, పిడకలు, పంట వ్యర్థాలు మండినప్పుడు అతి సూక్ష్మ ధూళి కణాలు, కార్బన్ మోనాక్సైడ్ వెలువడతాయి. ఇళ్లలోని వాయు కాలుష్యం వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అయిదేళ్ల లోపు చిన్నారులే 2.37 లక్షలకు పైగా ఉన్నారు. పొయ్యి దగ్గర ఎక్కువసేపు గడిపే తల్లులు, వారి చంకలోని పసిబిడ్డలే ఈ పొగకు తొలి బాధితులు.

ఈ ముప్పును ప్రభుత్వాలు గుర్తించలేదని అనలేం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లోనే దీపం పథకం మొదలైంది. 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రారంభమైన ఉజ్వల యోజన కింద 10 కోట్లకు పైగా గ్యాస్ కనెక్షన్లు అందాయి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శుద్ధ ఇంధనంతో వండుకుంటున్న కుటుంబాలు 58.6 శాతమే, గ్రామాల్లో అది 43.2 శాతం.

కనెక్షన్ ఒక్కసారి వస్తుంది, సిలిండర్ ఖర్చు మళ్లీ మళ్లీ వస్తుంది. కూలి దొరకని రోజుల్లో డబ్బు అక్కరలేని పుల్లలే దిక్కు. అందుకే అనేక ఇళ్లలో టీకి గ్యాస్, అన్నానికీ వేణ్నీళ్లకూ కట్టెల పొయ్యి. ఉజ్వల లబ్ధిదారులకు సిలిండర్‌పై 300 రూపాయల రాయితీ, ఆంధ్రప్రదేశ్‌లో ఏటా మూడు ఉచిత సిలిండర్లు, తెలంగాణలో 500 రూపాయలకే సిలిండర్ వంటి నిర్ణయాలు ఈ లోపాన్ని సరిదిద్దే దిశగా పడిన అడుగులే.

గ్యాస్ ఉన్న ఇళ్లకూ పూర్తి రక్షణ లేదు. తలుపులు మూసిన గదిలో దోమల కాయిల్, అగరుబత్తి, సిగరెట్ పొగ అదే హాని చేస్తాయి. కాయిల్‌కు బదులు దోమతెర వాడటం, వంట సమయంలో కిటికీలు తెరవడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం, పొయ్యి దగ్గర పిల్లలను ఉంచకపోవడం ఎవరికైనా సాధ్యమే. చలికాలంలో మూసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టుకుని నిద్రించడం మాత్రం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

వీధి గాలిని కొలవడానికి నగరాల్లో యంత్రాలున్నాయి, వంటింటి గాలికి అవి లేవు. కనుక ఇచ్చిన కనెక్షన్ల సంఖ్యతో కాక, పేద కుటుంబం ఏడాదికి ఎన్నిసార్లు సిలిండర్ నింపించుకోగలుగుతోందన్న లెక్కతోనే ఈ పథకాల ఫలితాన్ని అంచనా వేయాలి.