తుపాకీ సరే, మాట ఎవరిది చెల్లుద్ది?

టెక్సాస్‌లో మన పిల్లలు ఈ మధ్య నన్నొక ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, పిస్తోలు కొందామనుకుంటున్నా. చొక్కా కింద పెట్టుకుని తిరగాలంటే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అడిగేవాళ్ళలో మాలపల్లె నుంచి వచ్చినవాళ్ళున్నారు, మాదిగపల్లె నుంచి వచ్చినవాళ్ళున్నారు. రాత్రిళ్ళు పెట్రోలు బంకుల్లో, చిన్న దుకాణాల్లో ఒంటరిగా నిలబడేవాళ్ళున్నారు. వాళ్ళది ఉత్త భయమని నేననను. నాకిక్కడ లైసెన్సుంది, పిస్తోలుంది. చెప్పే అర్హత ఉందని వాళ్ళ నమ్మకం.

చెబుతాను. కానీ ఈ దేశంలో అచ్చయ్యే సలహాల పుస్తకాలు చెప్పినట్టు చెప్పను. ఆ పుస్తకాలన్నీ ఒక మనిషిని ఊహించుకుని రాసినవి. తుపాకీ పేలాక పోలీసు వచ్చి "ఏం జరిగింది సార్?" అని ముందు అడిగేది ఎవర్నో, ఆ మనిషి కోసం రాసినవి. ఆ మనిషి మనమేనా? ఈ ప్రశ్న వేసుకోకుండా పిస్తోలు కొనేవాడు సగం సరుకే కొంటున్నాడు.

తుపాకీ సంగతి నాకు అమెరికా నేర్పలేదు. గుంటూరు జిల్లాలో మా ఊరి కామందు ఇంటి గోడకు డబుల్ బ్యారెల్ వేలాడుతుండేది. పందుల నుంచి పైరు కాపాడుకోవడానికని లైసెన్సు. ఆ తుపాకీకి తోలు సంచి కుట్టింది మా నాయినే. కొలతలకు వెళ్ళినప్పుడు తుపాకీని ముట్టుకోనివ్వలేదు. జీతగాడు తాడుతో కొలిచి ఆ తాడు తెచ్చి నాయిన ముందు పడేశాడు. సంచి మాది, తుపాకీ వాళ్ళది. మా పల్లెకు కూలి రేటు మీద గొడవొచ్చిన ఏడు, కామందు కొడుకు మా వీధి మొదట్లో నిలబడి ఆ తుపాకీ ఆకాశంలోకి రెండుసార్లు పేల్చాడు. కాకుల్ని కొట్టాడట!

మర్నాడు పోలీసులొచ్చారు. కామందు ఇంటికి కాదు, మా పల్లెకు. ఇంటింటికీ తిరిగి రంపెలు, ఆరెలు, గొడ్డళ్ళు, గడ్డి కోసే కొడవళ్ళు గోనెసంచుల్లో వేసుకుపోయారు. మారణాయుధాలని రాసుకున్నారు. మా నాయిన చెప్పులు కుట్టే ఆరె మారణాయుధమంట! "మరి ఆ తుపాకీ అయ్యా?" అని మా పెద్దమ్మ అడిగితే, "దానికి లైసెన్సుందే" అన్నాడు పోలీసు. ఆ ఒక్క మాటలో నాకు రాజ్యం అర్థమైంది. ఆయుధం అంటే ఇనుము కాదు. ఎవడి చేతిలో ఉందన్నదాన్ని బట్టి అది ఆయుధమో పనిముట్టో అవుద్ది.

చట్టం మాటేమిటంటారా? చట్టం మాకు తెలీక కాదు. లిట్టన్ హయాంలో 1878లో వచ్చిన ఆయుధాల చట్టం దేశీయుడి చేతిలో తుపాకీకి లైసెన్సు అడిగింది, యూరోపియన్లను వదిలేసింది. తెల్లవాడి ఆ భేదాన్ని తిట్టినవాళ్ళే స్వాతంత్ర్యం వచ్చాక ఊళ్ళో ఆ భేదాన్ని తమ వాటాగా తీసుకున్నారు. 1959 చట్టం 14వ సెక్షన్ ఏమంటుంది? చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు కాదనగూడదంటుంది. 1995లో అత్యాచారాల నిరోధక చట్టం కింద చేసిన నిబంధనల్లో మూడోది చదవండి. దాడులు జరిగే ప్రాంతమని గుర్తించిన చోట దళితులు, ఆదివాసులు కానివాళ్ళ లైసెన్సులు రద్దు చేసి, తుపాకులు ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అవసరమనుకుంటే దళితులకు, ఆదివాసులకు లైసెన్సులివ్వాలి. ఇదంతా ప్రభుత్వం తన చేత్తో రాసిన రాతే! మా పల్లెలో ఒక్కడికీ ఒక్క లైసెన్సు రాలేదు. కామందు తుపాకీ గోడ దిగలేదు.

ఆ ఊరు దాటి నేనిక్కడికి నా భార్య చలవతో వచ్చాను. ఆమె నర్సు. ఆమె ఉద్యోగం మీద ఇద్దరికీ గ్రీన్‌కార్డులొచ్చాయి. మొదట్లో ఒక తెలుగాయన దుకాణంలో రాత్రి డ్యూటీ చేశాను. గల్లాపెట్టె కింద పిస్తోలుండేది. "అది నాది, నువ్వు ముట్టుకోమాక" అన్నాడాయన. ఒక రాత్రి ముసుగేసుకున్నవాడొచ్చి నా మొహానికి తుపాకీ పెట్టి డబ్బు పట్టుకుపోయాడు. కింద పిస్తోలు ఓనరుది, ఎదురుగా నిలబడ్డ గుండె నాది. మా ఊళ్ళో సంచికి, తుపాకీకి ఉన్న లెక్కే ఇక్కడా!

తర్వాత నాకు నేనుగా ఒక చిన్న దుకాణం పెట్టుకున్నాను. టెక్సాస్ లైసెన్సు క్లాసుకు వెళ్ళాను. క్లాసులో చట్టం చెబుతారు, ఆపైన 50 గుళ్ళు కాల్చి పరీక్ష నెగ్గాలి. 2021 సెప్టెంబరు 1 నుంచి ఈ రాష్ట్రంలో చట్టం నిషేధించని వాళ్ళు, 21 ఏళ్ళు నిండినవాళ్ళు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ పెట్టుకోవచ్చు. అయినా క్లాసుకు వెళ్ళమనే చెబుతాను. క్లాసులో మాస్టారు ఒక మాట చెప్పాడు. కాల్చాల్సి వస్తే, ప్రాణభయంతో కాల్చానని పోలీసులకు చెప్పాలట. నేను వెనక బెంచీలో కూర్చుని మా నాయిన్ని తలుచుకున్నాను. ఆయన బతుకంతా ప్రాణభయమే. ఆ భయాన్ని ఏ స్టేషన్లో రాసుకున్నారు? ఏ కోర్టులో లెక్కేశారు?

భయానికి కూడా కులముంది. ఇక్కడ భయానికి రంగుంది.

నమ్మకపోతే ఈ దేశం చరిత్ర చూడండి. 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పులో సుప్రీంకోర్టు నల్లవాళ్ళు పౌరులు కాదంది. పౌరులని ఒప్పుకుంటే ఎక్కడికంటే అక్కడికి ఆయుధాలు పట్టుకుపోతారన్నది ఆ తీర్పు చెప్పిన భయాల్లో ఒకటి. 1956 జనవరిలో మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన తుపాకీ పెట్టుకోవడానికి పర్మిట్ అడిగితే ఇవ్వలేదు. గాంధీ బాటని మనకు చూపించే మనిషికి ముందు జరిగింది ఇదీ! 1967 మేలో బ్లాక్ పాంథర్లు నిండిన తుపాకులతో కాలిఫోర్నియా శాసనసభకు నడిచి వెళ్ళారు. అప్పటిదాకా అది నేరం కాదు. అదే ఏడు రీగన్ గవర్నరుగా మల్ఫోర్డ్ చట్టం మీద సంతకం పెట్టాడు, నిండిన తుపాకీతో బహిరంగంగా తిరగడం నేరమైంది. ఆ పాంథర్ల పేరు పెట్టుకునే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. వాళ్ళ కథ మనకు పరాయి కథ కాదు.

2022లో సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో, తుపాకీ పెట్టుకోవడానికి ప్రత్యేక కారణం చూపించాలనే న్యూయార్కు నిబంధనను కొట్టేసింది. హక్కు అందరికీ వచ్చిందన్నారు. కాగితం మీద వచ్చింది. ఫిలాండో కాస్టిల్ చేతిలోనూ ఆ కాగితం ఉంది. మిన్నెసోటాలో బడి వంటశాలలో పనిచేసి పిల్లలకు అన్నం పెట్టే నల్ల మనిషి. పర్మిట్ ఉంది. 2016 జూలై 6న పోలీసు కారాపితే, నా దగ్గర తుపాకీ ఉంది సార్ అని మర్యాదగా తనే చెప్పాడు. సలహాల పుస్తకం చెప్పినట్టే చేశాడు. పోలీసు ఏడుసార్లు కాల్చాడు. కారు వెనక సీట్లో నాలుగేళ్ళ పాప ఉంది. 2017లో జ్యూరీ ఆ పోలీసు నిర్దోషి అంది. ఎందుకు? భయమేసిందన్నాడు కాబట్టి! అతని భయం చెల్లింది. కాస్టిల్ పర్మిట్ చెల్లలేదు.

ఇప్పుడు చెబుతా నా సలహాలు, వినండి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ.

మొట్టమొదటిది వీసా. ఎఫ్-1 మీదున్నా, హెచ్-1బి మీదున్నా మీరు తుపాకీ గానీ గుండు గానీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 15 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు, దేశం దాటించొచ్చు. టెక్సాస్‌లో లైసెన్సు అక్కర్లేదని ఎవడో చెప్పాడని కొనమాకండి. అద్దె తుపాకీతో రేంజిలో ఫొటో దిగినా అది కేసుకు సాక్ష్యమే. లాయర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.

రెండోది ఒర. ట్రిగ్గర్ పూర్తిగా కప్పే గట్టి ఒర లేకుండా జేబులో, హ్యాండ్‌బ్యాగులో పిస్తోలు వేసుకోవద్దు. తాళంచెవి తగిలినా పేలుద్ది. తోలు పని తెలిసిన కులం మనది, మెత్తబడి నోరు మూసుకుపోయే ఒర ఎంత ప్రమాదమో మనకొకరు చెప్పక్కర్లేదు. ప్రతి తుపాకీ నిండినదే అనుకో. కాల్చాలని నిర్ణయించేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టమాక. గురి వెనక ఎవరున్నారో చూసుకో. బడుల్లో, కోర్టుల్లో, ఓట్లు వేసే చోట పెట్టుకోవద్దు. గుమ్మంలో ఎర్రగా 51 శాతం అని బోర్డున్న బార్లలోకి తీసుకుపోవద్దు. మందు, తుపాకీ ఒక ఒంటి మీద ఉండకూడదు. కార్లో వదిలేసి వెళితే దొంగకి ఇచ్చినట్టే. ఇంట్లో పిల్లలుంటే ఇనప్పెట్టెలో తాళం.

మూడోది, నలుగురి ముందూ చెప్పనిది. ఈ దేశంలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. అప్పు తలకెక్కి, ఉద్యోగం పోయి, ఇంటికి ఫోన్ చేయడానికి మొహం చెల్లని గదిలోకి తుపాకీ తీసుకుపోవద్దు. మన పిల్లల్ని ఉరితాళ్ళ దగ్గర పోగొట్టుకున్నది చాలు. మీ గదిలోవాడు అలా ఉంటే, వాడి తుపాకీ ఇంకొకరి ఇంట్లో దాచండి. వాడికి ఫోన్ చేస్తూ ఉండండి.

నాలుగోది, రోడ్డు మీద పోలీసు ఆపితే. లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టు. గుర్తింపు అడిగినప్పుడు తుపాకీ ఒంటి మీదుంటే కార్డుతోపాటు లైసెన్సు కూడా చూపించాలన్నది టెక్సాస్ రూలు. తియ్యబోయే ముందు ఎక్కడుందో చెప్పు. చేయి కదిలించవచ్చా అని అడుగు. ఇదంతా చేసినా కాస్టిల్ సంగతి మర్చిపోమాక.

ఇంకొక మాట. దాచడం మనకు కొత్త విద్య కాదు. అద్దె గదిలో ఇంటిపేరు దాస్తాం. తెలుగువాళ్ళ విందులో "మీదే ఊరు? ఊళ్ళో ఎటు పక్క?" అని అడిగితే మాట మారుస్తాం. బైబిలు అలమరలో పెడతాం, అంబేద్కర్ ఫొటో బెడ్‌రూములో పెడతాం. అగ్రకులాల కుర్రాళ్ళు మాత్రం రేంజిలో రైఫిళ్ళు పట్టుకుని, వెనక కులం పాట పెట్టుకుని వీడియోలు తీసుకుంటారు! గోడకు వేలాడిన డబుల్ బ్యారెల్ సముద్రం దాటొచ్చిందంతే. వాళ్ళను చూసి మనమూ ఒకటి కొంటే సమానమైపోతామా? కులం దాచుకున్న నడుముకే పిస్తోలు కూడా దాచుకుంటే మన దగ్గర దాచినవి రెండయ్యాయి. ధైర్యం ఒక్కటీ పెరగలేదు.

నేను అహింస బోధిస్తున్నానని ఎవరూ సంబరపడొద్దు. ఆత్మరక్షణ హక్కు పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 సెక్షన్ల దాకా ఉండేది, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉంది. అది అందరి హక్కు. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను నరికినవాళ్ళని వదిలేసి, చచ్చినవాళ్ళకు శాంతి బోధించేవాళ్ళతో నాకు మాటల్లేవు. రాత్రి డబ్బుసంచీతో బ్యాంకుకు వెళ్ళేటప్పుడు నేను పిస్తోలు పెట్టుకునే వెళతాను. మిగతా వేళల్లో అది పెట్టెలో ఉంటది.

కానీ మనల్ని ఇన్నాళ్ళూ బతికించింది ఏమిటో చుండూరును అడగండి. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. ఊళ్ళో పోలీసులున్నారు, వాళ్ళ దగ్గర ఆయుధాలున్నాయి. మనకెందుకు పనికొచ్చాయి? చచ్చినవాళ్ళను ఊరి నడిబొడ్డున పాతిపెట్టి ఆ నేలకు రక్తక్షేత్రమని పేరు పెట్టింది పిస్తోళ్ళు కాదు, జనం. ప్రత్యేక కోర్టును ఊళ్ళోకే రప్పించింది జనం. ఏళ్ళ తరబడి సాక్షులు బోనెక్కి చెప్పిందే చెప్పారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. కళ్ళారా చూసిన మన మాట చెల్లలేదు. మన అసలు యుద్ధం అక్కడుంది. మన మాటకు విలువ లేని చోట మన తుపాకీకి విలువుండదు. రేపు నువ్వు నిజంగానే ప్రాణభయంతో కాల్చినా, బోనులో నిలబడేది నీ మాట, నీ ఒంటి రంగు, నీ యాస.

అందుకని పిస్తోలు కొనేముందు ఈ నాలుగూ సంపాదించుకోండి. అర్ధరాత్రి ఫోనెత్తే లాయరు ఒకరు. నీ తరఫున వచ్చి నిలబడే పదిమంది. మీ కౌంటీలో నల్లవాళ్ళ సంఘంతో పరిచయం. మీ వీధిలో నీ పేరు, నీ ఊరు, నీ కులం దాచకుండా చెప్పుకోగలిగిన ఒక్క ఇల్లు. ఇవి లేనివాడు నడుముకు ఎంత ఇనుము కట్టుకున్నా ఒంటరివాడే. ఇవి ఉన్నవాడికి చాలాసార్లు ఇనుము అవసరమే రాదు. వస్తే, కాల్చిన తర్వాత కూడా బతుకుతాడు.

మా పల్లె నుంచి గోనెసంచుల్లో పట్టుకుపోయిన ఆరెలు ఇంతవరకూ తిరిగి రాలేదు. అవి తిరిగి తెచ్చేది ఏ పిస్తోలూ కాదు. "అవి ఆయుధాలు కావు, మా బువ్వ" అని మనం చెప్పిన మాటను రాసుకునే చెయ్యి కావాలి. ఆ చెయ్యిని మనమే తయారుచేసుకోవాలి.