ఎడారి విడిదిలో భోజనము

శీతకాలపు సెలవులలో జైసల్మేరునకు పోదలచిన సోదరీమణులు కొందఱు, అచ్చట పిల్లలకు తిండి యెట్లని యడుగుచున్నారు. ఇసుక తప్ప మఱేమియు లేనిచోట వంట యేముండునని వారి భయము. ఆ భయముచేతనే పలువురు మూడుపూటలును విడిదిలోనే భుజించి, ఎల్ల యూళ్లలోను దొరకు పన్నీరు కూరయు నూడుల్సును తిని మరలివచ్చుచున్నారు. అంత దూరము వ్యయపడి పోయి ఇట్లు తినుట నాకు సమ్మతము గాదు.

నీరు కఱవైన సీమలో ఇల్లాండ్రు మజ్జిగతోను, పాలతోను, నేతితోను వంట సాగించు నేర్పు గడించిరి. పచ్చికూరలు దొరకనందున శనగపిండిని చుట్టలుగాచేసి ఉడికించి, ముక్కలు కోసి, పెరుగు పులుసులో వేయుదురు. అదియే గట్టె. గోధుమపిండి ఉండలను నిప్పులపై కాల్చి నేతిలో ముంచి పప్పుతో తినునది బాటీ. సజ్జరొట్టె మనకు క్రొత్త గాదు.

అన్నింటిలో మిన్న కేర్-సాంగ్రీ. సాంగ్రీ యనగా మఱేమియు గాదు, మన జమ్మికాయలే! దసరానాడు మనము పూజించు జమ్మినే అచ్చట ఖేజడీ యందురు. 2014లో తెలంగాణ రాష్ట్రవృక్షమైనదియు నిదియే. లేతకాయలను ఎండబెట్టి ఏడాది పొడుగునను దాచికొని, కేర్ అను ముండ్లపొద కాయలతో గలిపి, నానబెట్టి, మిరపకాయలతో నూనెలో వండుదురు. తడి తక్కువగుటచే ప్రయాణములకును నిలుచును. కాటకమున ప్రాణము నిలిపిన చెట్టిది. 1730లో జోధపుర రాజ్యమునందలి ఖేజడ్లీ గ్రామమున రాజభటులు ఈ చెట్లను నఱుకవచ్చినప్పుడు, అమృతాదేవి యను బిష్ణోయి ఇల్లాలు చెట్టును కౌగిలించుకొని ప్రాణమిచ్చెను. ఆమెతో గలిసి 363 మంది అసువులు బాసిరని చెప్పుదురు. ఆ కూరను రుచి చూడకయే వచ్చెదరా?

ఇది దొరకు చోటు పెద్ద హోటలు గానక్కఱలేదు. ఊరిలోని వర్తకులును, కారు నడుపువారును మధ్యాహ్నము ఎచ్చట భుజింతురో అడిగి, ఆ చిన్న భోజనాలయమునకే పొండు. వేడిరొట్టెలు వెంటవెంట వచ్చుచుండవలెను. “నేడు సాంగ్రీ కలదా? సజ్జరొట్టె కలదా?” అని వాకిటనే యడుగుడు. దేశదేశముల వంటల పేర్లు పదిపుటలు నిండిన పట్టిక చేతికిచ్చినచో, లేచివచ్చుట మంచిది.

ఊరికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున సమ్ ఇసుకతిన్నెలకడ గుడారముల విడుదులు గలవు. అచ్చట రాత్రిభోజనము సాధారణముగా అద్దెలోనే చేరియుండును. ఆటపాటలు ముగిసి భోజనము పెట్టువేళకు పిల్లలు నిద్రపోవుదురు. బయట పెట్టిన పదార్థములు ఎడారి చలికి చల్లారును. కావున రొమ్మిచ్చుటకు ముందే, పిల్లలకు పెందలకడ వడ్డింతురా, రొట్టెలు అప్పటికప్పుడు కాల్తురా యని తేల్చుకొనుడు.

కోటమీది మేడలపై భోజనము చూడముచ్చటయే. ఐనను ఒకమాట. 12వ శతాబ్దమున గట్టిన ఆ కోటలో నేటికిని జనులు నివసించుచున్నారు. విడుదులు, భోజనశాలలు పెరిగి, వాడిన నీరు మెత్తని కొండలోనికి ఇంకి, గోడలు క్రుంగుచుండుటచే, ప్రపంచ స్మారకచిహ్నముల నిధివారు 1996లో దానిని ఆపదలోనున్న కట్టడముల జాబితాలో జేర్చిరి. కోటలోని కొన్ని కుటుంబములకు ఆ విడుదులే జీవనాధారము గనుక వలదని శాసింపజాలను. నేనైనచో దిగువ బసచేసి, భుజించి, కోటను చూచి వత్తును.

లస్సీ త్రాగునప్పుడు మాత్రము మిగుల జాగ్రత్త! భంగు కలిపినది అచ్చట అనుమతిగల అంగళ్లలో బహిరంగముగనే అమ్ముదురు. పిల్లలకు ఇప్పించుటకు ముందు విస్పష్టముగా అడుగవలెను. అన్నము లేనిదే ముద్ద దిగని అత్తగారు వెంటనున్నచో, వట్టి అన్నమును పెరుగును అడిగినచో లభించును. పొడియు ఊరగాయయు మీ సంచిలో నుండనే యుండును.

మరలునాడు బజారులో ఎండు సాంగ్రీ కొనుడు. రాత్రి నానబెట్టి, ఉదయము చక్కగ కడిగి ఉడికించి, నీరు వార్చి, ఎండుమిరపకాయల పోపులో వేయించి ఆమ్‌చూరు చల్లిన, మన జొన్నరొట్టెకును ఇంపుగానుండును.