ఉద్దానం పడవలకు మన సిగ్నల్ అందాలి

2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను సరిహద్దు దాటారంటూ పాకిస్థాన్ పట్టుకుంది. వాళ్లలో ఎక్కువ మంది శ్రీకాకుళం జిల్లావాళ్లు. సొంత తీరంలో హార్బరు వసతి లేక పొట్ట చేతపట్టుకుని పోయినవాళ్లు. 20 మంది వాఘా దాటి వచ్చేసరికి 2020 జనవరి అయింది. ఏడాదికి పైగా పరాయి దేశపు జైలు! నీళ్ల మీద సరిహద్దు గీత కనబడదు. అది ఎక్కడుందో పడవలోని యంత్రమే చెప్పాలి, ఆ యంత్రానికి ఉపగ్రహం చెప్పాలి.

ఆ ఉపగ్రహం ఎవరి చేతిలో ఉందన్నది అందుకే ముఖ్యం. జీపీఎస్‌ను నడిపేది అమెరికా సైన్యం. 2000 మే దాకా అది పౌరులకు కావాలనే కచ్చితత్వం తగ్గించి ఇచ్చింది. రష్యాకు గ్లోనాస్ ఉంది. ఐరోపా దేశాలు గెలీలియోను పౌర యాజమాన్యంలో పెట్టుకున్నాయి. చైనా బెయ్‌దూ ఇంకో అడుగు ముందుకు వేసింది. నడిసముద్రంలోని చేపల పడవలు దాని ద్వారా ఒడ్డుకు చిన్న సందేశాలు పంపగలవు.

మన సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ పరిధి దేశంతోపాటు చుట్టూ 1,500 కిలోమీటర్లు. అంటే మనవాళ్లు వేటాడే రెండు సముద్రాలూ అందులోకి వస్తాయి. కానీ ప్రయోగించిన 11 ఉపగ్రహాల్లో స్థానం చెప్పడానికి పనికొస్తున్నవి నాలుగేనని 2025లో కేంద్రమే పార్లమెంటుకు తెలిపింది. స్థానం తేల్చడానికి కావలసిందే కనీసం నాలుగు. కొన్నింటిలో విదేశీ అణు గడియారాలు ఆగిపోయాయి. 2025 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకే చేరలేదు. కొత్త ఉపగ్రహాల విషయంలో ఇంకా తాత్సారం తగదు.

స్థానం తెలిస్తే సరిపోదు, కబురూ అందాలి. ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే సెల్‌ఫోన్ మూగబోతుంది. తుపాను కబురైనా, చేపల జాడైనా అక్కడికి చేరాలనే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2019లో గగన్ ఉపగ్రహ సిగ్నల్‌తో పనిచేసే జెమినీ పరికరాన్ని తెచ్చింది. అయితే దానితో కబురు వినడమే, తిరిగి చెప్పే వీలు లేదు. 2024 ఆగస్టులో కేంద్రం మొదలుపెట్టిన, రెండువైపులా సందేశాలు పంపే లక్ష ట్రాన్స్‌పాండర్ల పథకం ఆ లోటు తీర్చగలదు. 2018 అక్టోబరు 11న ఉద్దానంలోని పలాస దగ్గరే తిత్లీ తుపాను తీరం దాటింది. అలాంటి చోట మంచినీళ్లపేట, భావనపాడు, బారువల్లోని చిన్న ఫైబర్ పడవలకు ఈ పరికరాలు ముందుగా అందాలి.

ఇంకో చిక్కుంది. వలస వెళ్లినవాళ్లు ఎక్కేది వేరే రాష్ట్రపు యజమానుల పడవలు. వాటిలో ట్రాన్స్‌పాండర్ ఉందో లేదో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుజరాత్‌ను ఏటా వేట మొదలవక ముందే అడిగి తేల్చుకోవాలి.