ముందస్తు అరెస్టుకు కాగితం అడుగుదాం

చలో హైదరాబాద్ అని పిలుపు ఇస్తే చాలు, ముందురోజు రాత్రే ఊళ్ళలో రైతు నాయకుల ఇంటి ముందు పోలీసు జీపు ఆగుతుంది. "ఎస్సై గారు ఒకసారి రమ్మంటున్నారు" అంటారు. వారంటు చూపరు, కారణం చెప్పరు. మర్నాడు సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టి పంపేస్తారు. దీని పేరు ముందస్తు అరెస్టు. ప్రభుత్వాలు మారాయి గానీ ఈ అలవాటు మారలేదు.

నిజానికి చట్టం ఇంత అధికారం ఇవ్వలేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 170వ సెక్షన్, అంటే పాత సీఆర్‌పీసీ 151, రెండు షరతులు పెట్టింది. వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరానికి ఆ మనిషి పథకం వేసినట్టు పోలీసుకు తెలిసి ఉండాలి. అరెస్టు చేస్తే తప్ప ఆ నేరం ఆగదనిపించాలి. మద్దతు ధర అడగడానికి బస్సెక్కడం ఏ నేరానికి పథకం?

నారాయణగూడ, చిక్కడపల్లి దాటి వెళ్తే అశోక్‌నగర్ పక్కన ఇందిరా పార్కు ధర్నా చౌక్. దాన్ని 2017లో నాటి ప్రభుత్వం మూసేసింది. 2018 నవంబరులో హైకోర్టు జోక్యంతో మళ్ళీ తెరుచుకుంది. తర్వాతి ప్రభుత్వంలో, 2024 అక్టోబరులో, అశోక్‌నగర్‌లో గ్రూప్-1 అభ్యర్థులపై లాఠీలు లేచాయి. అదే నెలలో నగరమంతటా నెల రోజులు గుంపులు కూడరాదని పోలీసు కమిషనర్ ఆదేశమిచ్చి, ధర్నా చౌక్‌ను మాత్రం మినహాయించారు. నోరు విప్పడానికి మిగిలింది ఆ ఒక్క చోటు. అక్కడికీ రైతును రానివ్వకపోతే ఇక ఎక్కడ చెప్పుకోవాలి?

ట్రాఫిక్, శాంతిభద్రతలు చూడాల్సింది పోలీసులే. దారి, సమయం నిర్ణయించవచ్చు. కానీ న్యాయమైన అభిప్రాయాన్ని అణచడానికి నిషేధాజ్ఞలు వాడరాదని సుప్రీంకోర్టు 2020లో అనురాధా భసీన్ కేసులో స్పష్టం చేసింది. అడిగేవాడు లేకపోతే అధికారం ఎంతదాకా పోతుందో 2017 మే నెలలో ఖమ్మంలో చూశాం. మిర్చి రైతులను సంకెళ్ళు వేసి కోర్టుకు తెచ్చారు.

అందుకే ఈసారి జీపు వస్తే గొడవ పడొద్దు, ఊరికే ఎక్కనూ వద్దు. ఏ సెక్షనో, కారణమేమిటో రాసిమ్మని అడగండి. కారణం తెలుసుకోవడం, వకీలుతో మాట్లాడడం రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కు. తీసుకెళ్ళిన వేళ, వదిలిన వేళ, స్టేషన్ పేరు రాసి సంఘానికి అందించండి. ఒక్కడు అడిగితే కసురుకుంటారు. ప్రతి మండలంలో అడిగితే హైకోర్టు ముందు పెట్టడానికి మన దగ్గర లెక్క ఉంటుంది.