డ్రాఫ్ట్‌కు ముందు రెండు పత్రికలు



ఆగస్టు వచ్చిందంటే అమెరికాలో నలుగురు కలిసిన చోటల్లా ఫ్యాంటసీ ఫుట్‌బాల్ కబుర్లే. 1962లో ఓక్లండ్ రైడర్స్ జట్టు భాగస్వామి బిల్ వింకెన్‌బాక్ న్యూయార్క్‌లో ఒక హోటల్ గదిలో కూర్చుని, తోటివారితో కలిసి నియమాలు రాసుకున్న ఆట ఇది. అసలు ఆటగాళ్లను డ్రాఫ్ట్‌లో వంతులవారీగా ఎంచుకుని ఊహా జట్టు కట్టుకుంటారు; మైదానంలో వాళ్లు ఆడినదాన్ని బట్టి పాయింట్లు వస్తాయి. ఇవాళ అక్కడి మన తెలుగువాళ్లూ ఆఫీసు లీగుల్లో ఆడుతున్నారు. అందుకే ఈ సంచికలో, ఆటగాళ్లకు ముందుగానే ర్యాంకులిచ్చే ప్రివ్యూ పత్రికలను పక్కపక్కన పెట్టి చూశాం.

కొనేముందు మూడు విషయాలు గమనించండి. మొదటిది, అచ్చయిన సమయం. చాలా పత్రికలు వేసవి మొదట్లోనే స్టాళ్లకు చేరతాయి. జట్ల శిక్షణ శిబిరాలు మొదలయ్యేది జూలై రెండో సగంలో. అక్కడ మోకాలు దెబ్బతిన్న ఆటగాడు పత్రికలో ఇంకా పై వరుసలోనే కనిపిస్తాడు. రెండోది, పాయింట్ల పద్ధతి. పట్టిన ప్రతి పాసుకూ ఒక పాయింటు ఇచ్చే లీగులో, తరచూ బంతి అందుకునే రిసీవర్ విలువ అమాంతం పెరుగుతుంది. ఆ లెక్క వేయని జాబితా మీకు అక్కరకు రాదు. మూడోది, కారణం. ర్యాంకు ఎవరైనా ఇస్తారు. అది ఎందుకిచ్చారో విడమరిచి చెప్పేదే మంచి పత్రిక.

నేను ఎప్పుడూ రెండు పత్రికలు కొంటాను. ఒకే ఆటగాడికి రెండింటిలో పది స్థానాల తేడా ఉన్నచోట పెన్సిల్‌తో గీత పెడతాను. నిదానంగా చదవాల్సింది అక్కడే. డ్రాఫ్ట్‌లో మీ వంతు వచ్చి గడియారం పరుగెత్తేటప్పుడు దారి చూపేవి ఆ గీతలే.

మీ సంపాదకుడు